దెల్‌గహవత్తకి దారి

ఆ కాయ కొనకుండా వచ్చినా బాగుండేది. ఇక్కడ ఇంగ్లండులో, హారో బస్‌స్టేషన్‌కి ఈవల ఒక జాఫ్నా తమిళుల కొట్టుంది, కరివేపాకు అక్కడ తాజాగా దొరుకుతుంది. కరివేపాకు కోసం వెళ్ళినదాన్ని కరివేపాకు తీసుకుని తిన్నగా ఇంటికి రావచ్చు కదా. మునక్కాడల పక్కన అట్టపెట్టెలో సీమపనసకాయలు కనిపించాయి. ఆకుపచ్చ తొక్క మీద చిన్న చిన్న గళ్ళు, తొడిమ దగ్గర కారి ఎండిపోయిన పాలు. మన వైపు ఈ కాయ తెలిసినవాళ్ళు తక్కువ. చూస్తే పనసకాయకి ఏదో వరస అవుతుందనిపిస్తుంది గానీ లోపల తొనలుండవు, ఉడికిస్తే బంగాళాదుంపకీ చేమదుంపకీ మధ్యగా ఉంటుంది. చిన్నతనంలో సిలోన్‌లో కొన్ని నెలల పాటు మా ఇంట్లో రోజూ ఇదే కూర. చూడగానే ప్రాణం లేచొచ్చి, ఒకటి బుట్టలో వేసుకున్నాను. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద పెట్టి కోటు విప్పేలోపలే అమ్మ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మా అమ్మకి తొంభై దగ్గర పడుతున్నాయి. నాన్న పోయాక నా దగ్గరికే వచ్చేసింది. పగలంతా హీటర్ పక్కన కూచుని వెల్లుల్లి ఒలుస్తుంది, అవసరం ఉన్నా లేకపోయినా. ఆ వేళ వెల్లుల్లి పక్కన పడేసి, కాయ తొడిమ దగ్గర జిగురుని బొటనవేలి గోరుతో గీకుతూ కూచుంది.

“దెల్ కదే ఇది,” అంది.

“అవునమ్మా. వండుతాను.”

“ప్రసాదు ఆ దేశం వెళ్తున్నాడన్నావు.”

“వచ్చే నెల. వదినా తనూ. సముద్రం ఒడ్డున హోటల్ తీసుకున్నార్ట.”

“దెల్‌గహవత్త వెళ్ళి రమ్మను. పిల్లని పెట్టిన చోటు ఎలా ఉందో చూసి రమ్మను.”

నేను కరివేపాకు కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేశాను. ఆ పిల్ల మా చెల్లెలు. ఆ దేశంలో పుట్టి, పురిటి స్నానాలన్నా పూర్తికాకముందే అక్కడే పోయింది. మాలో పసిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. అలా మేము అప్పుడున్న ఇంటి తోటలోనే పూడ్చారు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇన్నేళ్ళకి అమ్మ నోటి వెంట ఆ మాట రావడం అదే మొదలు, అదీ ఒక కాయ వంకన. “అలాగేనమ్మా, చెప్తాను,” అన్నాను. అదేదో స్టాన్‌మోర్ వెళ్ళి పెరుగు తెచ్చినంత తేలికనుకున్నాను.

మేము సిలోన్ ఎందుకు వెళ్ళామో చెప్పాలి. నాన్న చీరాల మగ్గం మనిషి. ఆ దేశంలో పల్లెటూళ్ళలో చేనేత కేంద్రాలు పెట్టి ఆడపిల్లలకి నేత నేర్పుతున్న రోజులవి. నేర్పే మాస్టార్లు చాలక మన వైపు నించి కొందరిని పిలిపించుకున్నారు. ఒక కేంద్రంలో మగ్గాలు నిలబెట్టించి, అక్కడి పిల్లలకి చెయ్యి తిరిగేదాకా ఉండి, ఆ తరవాత ఇంకో ఊరు వెళ్ళడం ఆయన పని. ఆయన వెంట అమ్మ, అన్నయ్య, నేను, ఒక ట్రంకుపెట్టె, గిన్నెల మూట. ఒక చోట నా గౌను తాడు మీద ఆరేలోపల ఇంకో చోటికి ప్రయాణం అని అమ్మ సణిగేది. బళ్ళో చేరితే పలక మీద అక్షరాలు సగం సింహళం, సగం తమిళం. ఇంటికొస్తే ఇసకలో నాన్న దిద్దించే తెలుగు. ఏదీ పూర్తిగా రాలేదు నాకు.

నాన్నకి ఆ దేశంలో తెగ నచ్చినవి ఊళ్ళ పేర్లు. కొత్త ఊరికి వెళ్ళే బస్సెక్కగానే మా ఇద్దరికీ పాఠం మొదలయ్యేది. “పొల్ అంటే?” “కొబ్బరికాయ.” “గహ?” “చెట్టు.” “వెల?” “వరిపొలం.” “అయితే పొల్గహవెల?” “కొబ్బరిచెట్టు పొలం.” అంతే, ఆయన మొహం విప్పారేది. చిక్కుపడ్డ నూలు చిలప విప్పి కొస దొరకబుచ్చుకున్నప్పుడు కూడా ఆయన మొహం అలాగే ఉండేది. కొస్ అంటే పనస, గమ అంటే ఊరు, కొస్గమ. పేర అంటే జామ, దెనియ అంటే కొండల మధ్య పల్లపు చేను, పేరాదెనియ. కటుగస్తొట ముళ్ళచెట్ల రేవు. వెలిగమ ఇసుక ఊరు. గంపహ ఐదూళ్ళు. రత్నపుర అనగానే అన్నయ్య అది మనదే అని చప్పట్లు కొట్టేవాడు. “చూశారా, పేరు వింటే ఊరు కళ్ళముందు కనపడాలి. మన చీరాల అంటే ఏం కనపడుతుంది? ఎవరికన్నా తెలుసా?” అనేవాడు నాన్న. చీరలు అనబోయిన అన్నయ్యని చూపుతోనే ఆపేసేవాడు. కడుగన్నావ కనుమ ఎక్కుతుంటే పక్క సీట్లో పెద్దమనిషి ఒకాయన, ఏదో రాజు కత్తి అందుకున్న చోటు కాబట్టి ఆ పేరొచ్చిందని పొడుగాటి కథ చెప్పాడు. నాన్న మర్యాదకి తలూపాడు. తరవాత మాతో తెలుగులో, “కత్తీ లేదు గిత్తీ లేదు, ఏ చెట్టో అయ్యుంటుంది,” అన్నాడు.

ఇప్పటికీ ఆ ఇళ్ళు నాకు వాసనగానే గుర్తు. పొద్దున్నే కొబ్బరిపీచు రాజేసిన పొగ. నాన్న అక్కడి అలవాటు పట్టుకుని పాలు లేని టీ బెల్లం ముక్క కొరుక్కుంటూ తాగేవాడు. ఆయన చొక్కాకి ఎప్పుడూ నూలుకి పెట్టే గంజి వాసన, వానాకాలంలో అది పులిసిన వాసన. అక్కడి ఎర్రబియ్యం గంజి నూలుకి పనికిరాదని ఆయన, ఆ అన్నం మనుషులకి పనికిరాదని అమ్మ. చింతపండు దొరక్క వాళ్ళు వాడే నల్లటి గోరక పులుపుతో అమ్మ పులుసు పెట్టి, తను మాత్రం మజ్జిగ పోసుకుని లేచిపోయేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఎండుచేప పొడి లేకుండా కూరేమిటని జాలిపడి గిన్నెలో తెచ్చి ఇచ్చేవాళ్ళు. అమ్మ మెత్తబడేది కాదు గానీ గిన్నె ఖాళీగా పంపేది కాదు, రెండు గారెలన్నా వేసి పంపేది.

ఒక ఊరికి వెళ్ళేసరికి అమ్మకి నెలలు నిండుతున్నాయి. కొండవాలున తోట, పైన ఇంటివాళ్ళ ఇల్లు, దిగువన మాకిచ్చిన రెండు గదులు, మధ్యలో పెద్ద సీమపనస చెట్టు. దాని ఆకులు ఎంతున్నాయంటే వానొస్తే ఒకటి తెంపి నెత్తిన పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇంటావిడని అందరూ ఆచ్చి అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మమ్మ. అమ్మ నీళ్ళకో కొట్టుకో వెళ్తే దారిలో అందరూ “దెల్‌గహవత్తె నోనా” అని పలకరించేవాళ్ళు. నోనా అంటే అమ్మగారు. మనవాళ్ళు గుంటూరావిడ, తెనాలావిడ అన్నట్టు ఊరి పేరు పెట్టి పిలుస్తున్నారని మేమంతా అనుకున్నాం. అనుకోవడమేమిటి, మాకు అందులో సందేహమే లేదు. అప్పట్నించి మా ఇంట్లో ఆ ఊరు దెల్‌గహవత్త.

చెల్లెలు పుట్టినరోజు నాకు గుర్తుంది. నల్లటి జుట్టు, పిడికిళ్ళు విప్పేది కాదు. పోయినరోజు కూడా గుర్తుంది. వాన పడుతోంది. మగ్గం మీద నేస్తున్న తెల్లగుడ్డ నాన్న కేంద్రం నించి కోసుకొచ్చాడు. ఆచ్చి కొడుకు తోట దిగువన గుంట తవ్వాడు. అద్దెకొచ్చిన పరాయిదేశం వాళ్ళ పిల్లని తన తోటలో పెట్టుకోవడానికి ఎవరొప్పుకుంటారు? ఆచ్చి ఒప్పుకుంది, ఒప్పుకోవడం కాదు, తనే అడిగి పెట్టించుకుంది. సాయంత్రాలు అక్కడ చిన్న ప్రమిద పెట్టేది. కొన్నాళ్ళకి నాన్నకి ఇంకో కేంద్రానికి ఉత్తరువొచ్చింది. ఆ బస్సులో పాఠం లేదు. ఆ తరవాత వేరే ఊళ్ళు వెళ్ళాం, పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి, కానీ ఆ ఒక్క పేరూ నాన్న ఎన్నడూ విప్పలేదు. దెల్ అంటే సీమపనస, గహ చెట్టు, వత్త తోట అని నాకు నేనే కూడబలుక్కున్నాను. చీరాల తిరిగొచ్చాక తమ్ముడు రవి పుట్టాడు. ఆ ఊసు అక్కడితో ముగిసిందనుకున్నాను.

అన్నయ్య ప్రసాదు బెల్‌ఫాస్ట్‌లో ఉంటాడు. అక్కడొక ఆస్పత్రిలో కంప్యూటర్ల పని చేసి రిటైరయ్యాడు. అమ్మ కోరిక చెప్పడానికి ఫోన్ చేశాను. “సరే సరోజా, పోస్ట్‌కోడ్ మెసేజ్ పెట్టు,” అన్నాడు.

“పోస్ట్‌కోడ్ ఎక్కణ్ణించి తేను? దెల్‌గహవత్త అని ఉంది, అడుక్కుంటూ వెళ్ళు.”

“అడుక్కుంటూ వెళ్ళడానికి నేనేమన్నా సైకిల్ మీద వెళ్తున్నానా? డ్రైవర్‌కి అడ్రస్ చెప్పాలి. ఆ ఇంటి దగ్గర రైలు కూత వినపడేది, నాకు బాగా గుర్తు.”

“అది పొల్గహవెల అన్నయ్యా. ఇక్కడ ఏరుంది, రైలు లేదు.”

“ఏరు లేదు, రైలే.”

డెబ్బై దాటినవాళ్ళం ఇద్దరం ఏరూ రైలూ అని వారం రోజులు తగువులాడుకున్నాం. చివరికి మా మనవరాలు ఆన్యాకి ఫోనిచ్చి మ్యాప్‌లో వెతకమన్నాను. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. రెండు వేళ్ళతో తెరని అటూ ఇటూ లాగి, “అమ్మమ్మా, దేరార్ లోడ్స్ ఆఫ్ దెమ్,” అంది. ఒకటి గంపహ వైపు, ఒకటి కురునెగల దగ్గర, ఇంకోటి ఎక్కడో దక్షిణాన సముద్రం దగ్గర. ఒక చోట అది సందు పేరు, ఒక చోట బస్‌స్టాపు, ఒక చోట పెళ్ళిళ్ళ హాలు. “విచ్ వన్ ఈజ్ అవర్స్?” అంది. నీ ఫోనే సరిగ్గా లేదన్నాను. అది భుజాలెగరేసి టీ కప్పు తీసుకుని పైకెళ్ళిపోయింది.

సరేనని సోమపాల గారిని, ఆయన భార్య సుమన గారిని ఆదివారం టీకి పిలిచాను. సోమపాల గారు మా వారూ ఒకే అకౌంట్స్ ఆఫీసులో చాలా ఏళ్ళు పని చేశారు, ఇప్పుడు స్టాన్‌మోర్‌లో ఉంటారు. సింహళులు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. ఆయనకి ఊళ్ళ పేర్లంటే నాన్నకంటే పిచ్చి, కాకపోతే ఏ పేరెత్తినా ఆయనకొక రాజు కావాలి. రాజు వేటకి వచ్చినప్పుడు అలా అన్నాడు, రాణి గాజు పోగొట్టుకున్నప్పుడు ఇలా అన్నది. నేను దెల్‌గహవత్త అనగానే ఆయన కళ్ళు మూసుకుని ఏ రాజా అని ఆలోచనలో పడ్డారు. సుమన గారు అడ్డొచ్చింది.

“దెల్‌గహవత్త సరే. ఏ ఊళ్ళో?”

“ఊరే అదండీ.”

ఆవిడ కప్పు కింద పెట్టి నా వంక చూసింది. “సరోజా, అది ఊరు కాదు. మా దగ్గర ఇంటింటి తోటకీ ఒక పేరుంటుంది. ఏ చెట్టుంటే ఆ పేరు. మా పుట్టిల్లు అంబగహవత్త, అంటే మామిడిచెట్టు తోట. పక్కవాళ్ళది కొస్గహవత్త. దిగువన మా చిన్నాన్నది దెల్‌గహవత్త. గుడి దాటాక ఇంకో దెల్‌గహవత్త. ఇదంతా మా ఒక్క చిన్న ఊళ్ళోనే. మనుషుల్ని కూడా ఆ తోట పేరుతోనే అంటాం, దెల్‌గహవత్తె అమ్మా, అంబగహవత్తె నంగీ అని. నంగీ అంటే చెల్లి. మీరున్న ఊరి పేరేమిటి?”

“చెట్టు కొట్టేస్తే పేరు మారుతుందా?” అని అడిగాను. ఏం అడగాలో తోచక అడిగాను.

“మారదు. చెట్టు లేని దెల్‌గహవత్తలే ఎక్కువిప్పుడు.”

నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. పాపం ఆవిడ తప్పేముంది, అయినా వచ్చింది. కేకు ముక్క ఇంకోటి వెయ్యనా అని కూడా అడగలేదు. సోమపాల గారు వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, “కురునెగల దగ్గర ఒకటుంది, మంచి చోటు. మీ అమ్మగారికి అదే అని చెప్పేయండి,” అన్నారు. మంచికే అన్నారు. తలుపు వేసి కప్పులు తీశాను.

అసలు కోపం నాన్న మీద. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? కేంద్రం ఏ ఊళ్ళో ఉందో తెలిసే కదా వెళ్ళాడు, జీతం ఏ ఊరికి వచ్చేదో తెలుసు కదా. దేశంలో ఉన్న పేర్లన్నీ మా చేత విప్పించిన మనిషి, మేము ఇంటిని ఊరనుకుంటుంటే విని కూడా ఒక్క మాట దిద్దలేదు. దిద్దితే ఆ ఊసు ఎత్తాల్సొస్తుందని కాబోలు. బతికున్నన్నాళ్ళూ ఆయన బాధ ఆయనదని మేము ఊరుకున్నాం. మరి అమ్మ బాధ? ఆవిడ సిలోన్‌లో ఒంటరిగా బస్సెక్కి ఎరగదు. ఏ ఊళ్ళో ఉన్నామో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడిగీ ఉండదు. ఆ ఇంటి నించి తీసుకెళ్ళేటప్పుడు, ఇదుగో ఇది ఫలానా ఊరు, గుర్తుపెట్టుకో అని ఒక్కసారి చెప్తే ఆయన సొమ్మేం పోయింది?

నలభై ఏళ్ళకి పైగా ఇంగ్లండులో ఉన్నాను. స్టాన్‌మోర్ అంటే ఒకప్పుడు రాళ్ళ మడుగని ఎక్కడో చదివానే తప్ప, ఆ మడుగెక్కడుందో నాకూ తెలీదు, రోజూ ఆ పేరున్న ట్యూబ్ రైలు ఎక్కేవాళ్ళకీ తెలీదు. ఎవరికీ పట్టింపు లేదు. మా ఇంటికో పోస్ట్‌కోడ్ ఉంది, నాలుగక్షరాలూ అంకెలూ. అందులో చెట్టూ లేదు పుట్టా లేదు. కానీ అది చెప్తే టేక్‌అవే తెచ్చేవాడు వానలో కూడా తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు. అక్కడేమో పేరు వింటే తోటంతా కళ్ళకి కడుతుంది, ఆకు ఆకారం సహా. ఎక్కడుందో మాత్రం తెలీదు. చిన్నప్పుడు నాన్న మాట నమ్మి, పేరుకి అర్థం తెలిస్తే ఊరు తెలిసినట్టే అనుకున్నాను. ఈ వయసులో అది తప్పని తెలుసుకోవడం నాకేం సంతోషంగా లేదు.

అన్నయ్యకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. విని, సోమపాల గారి మాటే అన్నాడు. “దారిలో ఏదో ఒక దెల్‌గహవత్త రాకపోదు. చెట్టు కింద ఫొటో తీసి పంపిస్తాను. అమ్మకేం తెలుస్తుంది?”

“ఆ ఫొటోకి దణ్ణం పెట్టుకుంటుంది అన్నయ్యా. ఎవరి తోటకో.”

“పెట్టుకోనీ. ఆవిడ మనసు కుదుటపడుతుంది కదా. అయినా ఈమధ్య అమ్మ అన్నీ కలగాపులగం చేస్తోందన్నావు. ఆ మెమరీ టెస్టేదో అయ్యాక కేర్‌హోమ్ సంగతి ఆలోచించాలి మనం.”

“పొయ్యి మీద పప్పుంది,” అని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. అమ్మ ఒకటి రెండుసార్లు తారీఖులు మర్చిపోయిందని నేనే ఎప్పుడో అన్నాను, ఆ మాట పట్టుకుని వీడు కేర్‌హోమ్ దాకా వెళ్ళిపోయాడు. సర్జరీ వాళ్ళు రమ్మన్న పరీక్షకి ఇంకా కొన్ని వారాలుంది. ఇక్కడ డాక్టరు క్లినిక్‌ని సర్జరీ అంటారు.

అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. మర్నాడు అమ్మకి తల దువ్వుతూ, ఉన్నదున్నట్టు చెప్పేశాను. దెల్‌గహవత్త ఊరు కాదనీ, మనమున్న తోట పేరనీ, అలాంటివి ఊరికి రెండు మూడుంటాయనీ, ఏ ఊరో నాన్నకి తప్ప ఎవరికీ తెలీదనీ, అన్నయ్య వెళ్ళినా కనుక్కోలేడనీ. దువ్వెన కదులుతూనే ఉంది. అమ్మకి అర్థమైందో లేదోనని మళ్ళీ మొదలుపెట్టబోయాను.

“వినపడిందిలే,” అంది. “అయితే ఆ పేరు అందరికీ ఉందన్నమాట.”

“సీమపనస చెట్టున్న ప్రతివాళ్ళకీ ఉందమ్మా.”

“దానికి బారసాల చెయ్యలేదు కదే. పేరు లేదు. పోయాకన్నా పెడదామంటే మీ నాన్న వద్దన్నాడు, పోయినదానికి పేరెందుకన్నాడు. నేను దాన్ని దెల్‌గహవత్త అనే పిలుచుకుంటున్నాను. ఎక్కడో ఒకే ఒక్క ఊరు, అందులో ఇదొక్కతే, ఆ పేరు దానికే ఉండిపోతుందిలే అనుకున్నాను.”

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. నేను తోటని వెతుకుతున్నాననుకున్నాను. ఇన్ని రోజులుగా సందులూ బస్‌స్టాపులూ పెళ్ళిళ్ళ హాళ్ళూ అని నేను ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టింది ఆవిడ కూతురి పేరుని.

“నువ్వే కదమ్మా కనుక్కోమన్నావు,” అన్నాను. నా గొంతు నాకే పెంకిగా వినపడింది.

“చూసి రమ్మన్నాను. అర్థం కనుక్కోమన్లేదు. అచ్చం మీ నాన్నవే నువ్వు.” జడ పూర్తి కాకుండానే నా చేతిలోంచి జుట్టు లాక్కుని తనే ముడేసుకుంది.

అన్నయ్య వెళ్ళొచ్చాడు. రెండు టీ పొట్లాలు, అమ్మకి అక్కడి ఆడవాళ్ళు కట్టుకునే మెత్తటి బాతిక్ లుంగీ పంపాడు. ఫొటో పంపలేదు, అంతవరకు నయం. అమ్మ ఆ తరవాత ఆ పేరు ఎత్తలేదు, వెల్లుల్లి ఒలిచేటప్పుడు కూడా నాతో మునపటిలా మాట్లాడడం మానేసింది. సీమపనసకాయ ఆ హడావుడిలో ఎవరూ వండక మెత్తబడిపోతే బిన్‌లో పడేశాను.

సర్జరీలో పరీక్ష చేసిన నర్సు చిన్నపిల్ల, బెల్‌ఫాస్ట్ యాస. దుబాసీ దొరకలేదు, మీరే అడిగి చెప్పండి అంది నాతో. ఇది ఏ నెల, ఇప్పుడు ఏ కాలం, పొద్దున ఏం తిన్నారు అని అడిగింది. అమ్మ అన్నిటికీ చెప్పింది. ఏ ఊళ్ళో ఉన్నారంటే మాత్రం నా వంక ఒకసారి చూసి, “మా అమ్మాయి ఇంట్లో,” అంది. నర్సు నవ్వి ఏదో రాసుకుంది. ఇంకో రెండు ఇలాంటి జవాబులొస్తే అన్నయ్య మాటే నిజమవుతుంది.

“పిల్లలెంతమందో, వాళ్ళ పేర్లేమిటో చెప్పమనండి.”

నేను అడిగాను. అమ్మ వేళ్ళు ముడుస్తూ చెప్పింది, “నలుగురు. ప్రసాదు, సరోజ, దెల్‌గహవత్త, రవి.” పుట్టిన వరసలోనే చెప్పింది.

నర్సు కంప్యూటర్ వైపు తిరిగి, మళ్ళీ నా వైపు తిరిగింది. రికార్డులో ముగ్గురనే ఉందనీ, ఆవిడ ఏమన్నా తికమక పడుతున్నారా అనీ నెమ్మదిగా అడిగింది. అమ్మ నాలుగు వేళ్ళూ ముడిచే ఉంచి నన్నే చూస్తోంది.

“తికమకేం లేదు,” అన్నాను. “రికార్డే తప్పు. మేము నలుగురం. మూడో పిల్ల చిన్నప్పుడే పోయింది.”

నర్సు సారీ చెప్పి, ఆ పేరు మళ్ళీ చెప్పమంది. నేను విడివిడిగా చెప్పాను, నర్సు ఒక్కో ముక్కే టైపు కొట్టి, తెర మీద దాన్ని చదువుకుని, చాలా బావుంది, అర్థమేమిటని అడిగింది.

సీమపనస, చెట్టు, తోట. మూడు ముక్కలూ నా నాలిక చివరనే ఉన్నాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు గానీ ఆ ప్రశ్న ఏమిటో తెలిసిపోయినట్టుంది, ముడిచిన వేళ్ళు విప్పలేదు.

“మా చెల్లెలు,” అన్నాను.